ముద్రారాక్షసం ఎవరి చేతిది?

కిందటి మాఘమాసంలో మా ఆడపడుచు కూతురి పెళ్లి జరిగింది. పనులు పంచుకునేటప్పుడు శుభలేఖల పని మా మేనల్లుడు, అంటే పెళ్లికూతురి తమ్ముడు, తన నెత్తిన వేసుకున్నాడు. "ప్రెస్సు చుట్టూ తిరగక్కర్లేదత్తా, ఫోన్లోనే అయిపోతుంది" అన్నాడు. అన్నట్టే అయిపోయింది. రాత్రి భోజనాలయ్యాక సోఫాలో జారగిలబడి ఒక్కొక్క గడీ నింపాడు. వరుడి పేరు, వధువు పేరు, ముహూర్తం, కల్యాణమంటపం. డబ్బు కూడా అక్కడే కట్టేశాడు. మూడో రోజు పొద్దున్నే నాలుగు వందల శుభలేఖలు అట్టపెట్టెలో మా గుమ్మం ముందుకొచ్చి కూర్చున్నాయి.

మొదటిదానికి పసుపు రాసి దేవుడి దగ్గర పెడదామని మా అత్తయ్యగారు ఒకటి చేతిలోకి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టారు. సగంలో ఆగిపోయారు. "దౌహిత్రి" అన్న మాటకి పైన, మా మామగారి పేరు ముందు, బంగారు రంగులో "కీ.శే." అని వుంది.

మామగారు ఆ సమయంలో వరండాలో కూర్చుని రెండో విడత కాఫీ తాగుతున్నారు!

విషయం తెలిసి ఆయన నవ్వారు. "పెళ్లికి రమ్మని నలుగుర్నీ పిలుస్తూ నన్ను మాత్రం సాగనంపారన్నమాట" అన్నారు. అత్తయ్యగారు నవ్వలేదు. ఆ పెట్టెని వీధిగదిలోంచి లోపలికి రానివ్వలేదు. మేనల్లుడు బిక్కమొహం వేసుకుని సంజాయిషీ చెప్పాడు. శ్రీ, శ్రీమతి, కీ.శే. అని ఒకదాని కింద ఒకటి వున్నాయట. బొటనవేలు కాస్త కిందికి జారిందట.

"నీ వేలు జారింది సరేరా, అచ్చువేసేవాళ్లు చూసుకోరూ?" అన్నారు అత్తయ్యగారు.

"చూడరమ్మమ్మా. చూడ్డానికి అక్కడ ఎవరూ వుండరు."

వాడు తప్పించుకోడానికి అన్న మాటే అది. కాని పెళ్లి హడావుడంతా అయిపోయాక కూడా నన్ను వదల్లేదు. అచ్చుతప్పుకి మనవాళ్లు ఎంత చక్కని పేరు పెట్టారు, ముద్రారాక్షసం అని! విశాఖదత్తుడి నాటకంలో రాక్షసుడు ఒక మంత్రి పేరు. మన అచ్చుతప్పుల రాక్షసుడు మాత్రం నిజంగా రాక్షసుడే. ఇన్నాళ్లూ ఆ రాక్షసుడు కంపోజిటరు చేతివేళ్లల్లో వుంటాడనుకునేవాళ్లం. ఇప్పుడు మన చేతివేళ్లల్లోకి వచ్చేశాడన్నమాట. ఎలా వచ్చాడా అని నాలుగు పుస్తకాలు తిరగేశాను. చరిత్ర నా చదువే అయినా, నా నవలలు అచ్చైన విధానం వెనక ఇంత కథ వుందని నాకు అప్పటిదాకా తెలీదు.

నేను చూసిన ప్రెస్సుతోనే మొదలుపెడతాను. నా చిన్నతనం తెనాలిలో గడిచింది. మా వీధి చివర ఒక చిన్న అచ్చాఫీసు. కాలితో తొక్కే ట్రెడిల్ ఒకటి, గోడ వారన గళ్లుగళ్లుగా చెక్క కేసులు. ఇంగ్లీషుకైతే ఇరవై ఆరు అక్షరాలు, వాటికే పెద్దవీ చిన్నవీ. మన తెలుగుకి అలా ఎక్కడ కుదురుతుంది? తలకట్లూ, గుడులూ, కొమ్ములూ, వత్తులూ అన్నీ కలిసి వందల గళ్లు. వాటి మధ్య నుంచుని ఒక పెద్దాయన, మేం ప్రెస్సు తాతయ్యగారనే వాళ్లం, ఎడమచేత్తో స్టిక్ పట్టుకుని, కుడిచేత్తో చూడకుండా అక్షరాలు ఏరుతుండేవారు. మా అమ్మ చింతపండులో గింజలు తీసినంత సులువుగా వుండేది చూడ్డానికి. ఒకసారి నా పేరు సీసపు అక్షరాల్లో పేర్చి దారంతో కట్టి ఇచ్చారు. అన్నీ తిరగబడి వున్నాయని నేను ఏడిస్తే, "అద్దంలో చూసుకో అమ్మాయ్, సరిగ్గా కనిపిస్తావు" అన్నారు.

మా బాబాయి పెళ్లికి శుభలేఖలు అక్కడే వేయించారు. ప్రూఫు ఇవ్వాల్సిన రోజు జోరువాన. సాయంత్రం గొడుగేసుకుని తాతయ్యగారే మా ఇంటికొచ్చారు. "ఏవండీ, మీరు రాసిచ్చిన తేదీకి బుధవారం కాదు, గురువారం వస్తోంది. పంచాంగం ఒక్కసారి చూస్తారా?" అన్నారు. చూస్తే నిజమే. ఆ మాట అడగడం ఆయన పని కాదు. అక్షరాలు పేర్చడం వరకే ఆయన జీతం. కాని చేత్తో ఒక్కొక్క అక్షరం పేర్చేవాడు చదవకుండా ఎలా వుంటాడు? ఊళ్లో ఎవరున్నారో, ఎవరు పోయారో కూడా ఆయనకి తెలుసు. ఆయన చేతిమీదుగా బతికున్న మనిషికి "కీ.శే." పడే ప్రసక్తే లేదు.

ఇక అసలు కథకి వస్తాను.

జర్మనీలో గుటెన్‌బర్గ్ బైబిలు అచ్చువేసింది 1455 ప్రాంతంలో. ఆ తరవాత మూడున్నర శతాబ్దాలు అచ్చుపని దాదాపు అలాగే సాగింది. ఒకడు అక్షరాలకి సిరా పూయాలి, ఒకడు కాగితం వేసి మర నొక్కాలి. ఇద్దరు గట్టి మనుషులు చెమటోడిస్తే గంటకి రెండు వందలు, రెండు వందల యాభై కాగితాలు. ఫ్రెడరిక్ కోనిగ్ అనే జర్మన్ అచ్చుపనివాడికి ఇది ఆవిరియంత్రంతో చేయించవచ్చు కదా అనిపించింది. సొంత దేశంలో నమ్మేవాళ్లు దొరక్క 1806లో లండన్ వెళ్లాడు. అక్కడ థామస్ బెన్స్‌లీ అనే ప్రెస్సు యజమాని పెట్టుబడి పెట్టాడు. ఆండ్రియాస్ బవర్ అనే పనిమంతుడు తోడయ్యాడు. 1811లో మొదటిసారి ఆవిరియంత్రం మీద ఒక పుస్తకం తాలూకు ఫారం అచ్చయింది. బల్లపరుపుగా నొక్కే పద్ధతి వదిలేసి, మన అప్పడాల కర్రలాగా గుండ్రంగా దొర్లే సిలిండరుతో నొక్కడం ఆ తరవాతి మెట్టు.

ఆ యంత్రాన్ని టైమ్స్ పత్రిక యజమాని జాన్ వాల్టర్ చూశాడు. రెండు కావాలన్నాడు. కాని అవి ఎలాంటి రోజులు! ఇంగ్లండులో మగ్గాలు పగలగొట్టే లడ్డైట్ల అలజడి 1811 నించి నడుస్తోంది. యంత్రం పగలగొట్టినవాడికి ఉరిశిక్ష అని 1812లో చట్టమే చేశారు. అందుకని వాల్టర్ తన ప్రెస్సులో ఎవరికీ చెప్పకుండా, పక్క భవనంలో గుట్టుగా యంత్రాలు బిగించాడు. 1814 నవంబరు 28 రాత్రి పనివాళ్లు మామూలుగా వచ్చారు. "ఐరోపా నించి ముఖ్యమైన వార్త రావాలి, ఆగండి" అన్నారు. ఆగారు. పొద్దున్న ఆరింటికి వాల్టర్ లోపలికొచ్చాడు. ఆయన చేతిలో ఆ రోజు పత్రిక వుంది. "ఇది అచ్చయిపోయింది, ఆవిరితో" అన్నాడట. గొడవ చేస్తే అణచడానికి మనుషులు సిద్ధంగా వున్నారనీ, చేయకపోతే మరో చోట పని దొరికేదాకా జీతం ఇస్తాననీ చెప్పాడట. కొత్త యంత్రం గంటకి 1,100 కాగితాలు వేసింది.

ఈ ఘట్టం చదివి నేను చాలాసేపు వాల్టర్ మంచివాడా కాదా అని ఆలోచించాను. జీతం ఇస్తానన్నాడు, అది చిన్న మాట కాదు. ఆ కాలంలో ఎవరిస్తామన్నారు? కాని ఆ రాత్రంతా ఖాళీ చేతులతో కూర్చుని రాని వార్త కోసం ఎదురుచూసిన మనుషుల్ని తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. పని పోవడం కంటే, పక్క గోడవతల పని పోతూంటే తెలియకుండా కూర్చోవడం ఎక్కువ అవమానం కదా.

అచ్చువేయడానికి యంత్రం వచ్చింది సరే, అక్షరాలు పేర్చడం మాత్రం ఇంకా చేతిపనే. యంత్రం గంటకి వేలు మింగుతూంటే, కంపోజిటర్లు ఎంత మందైనా చాలలేదు. ఇక్కడే మన ఆడవాళ్ల ప్రవేశం.

1860లో ఎమిలీ ఫెయిత్‌ఫుల్ అనే పాతికేళ్ల అమ్మాయి, మతగురువు కూతురు, లండన్లో విక్టోరియా ప్రెస్ పెట్టి ఆడపిల్లలకి కంపోజింగ్ నేర్పించింది. మగ కంపోజిటర్ల సంఘం మండిపడింది. ఆడవాళ్లు రోజంతా నుంచోలేరన్నారు. ఆవిడ ఎత్తు పీటలు వేయించింది. ఆ పీటలకి సిరా పూశారు. కేసుల్లో అక్షరాలు కలగాపులగం చేశారు. తెల్లారి వంటకొచ్చేసరికి పోపులపెట్టెలో ఆవాలు, జీలకర్ర, మెంతులు, పసుపు ఎవరో కలిపేసి పెట్టారనుకోండి, అదీ వాళ్ల పరిస్థితి. అయినా ఆ పిల్లలు నిలిచారు. 1862లో విక్టోరియా రాణి ఆవిణ్ని తన ముద్రాపకురాలిగా నియమించింది.

ఎడిన్‌బరో కథ ఇంతకంటే చిక్కుముడి. అది పుస్తకాలు అచ్చువేసే పెద్ద పెద్ద కంపెనీల ఊరు. 1872 చివర కంపోజిటర్లు పనిగంటలు తగ్గించమని సమ్మె చేశారు. యజమానులు ఆడపిల్లల్ని తెచ్చి ఆ పనిలో పెట్టారు. సమ్మె ఓడిపోయింది, ఆడపిల్లలు వుండిపోయారు. మగపిల్లాడు ఏడేళ్లు శిష్యరికం చేసి నేర్చే పని వాళ్లకి కొద్దికాలంలో నేర్పి, జీతం సగం ఇచ్చేవాళ్లు. అక్షరాలు పేర్చడం వరకే వాళ్లది. పేజీలు కట్టి, ఫారాలు బిగించడం మగవాళ్లది. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా అంటే మనం భయభక్తులతో అద్దాల బీరువాల్లో చూస్తాం కదా, అందులోని అక్షరాలు పేర్చినవాళ్లలో ఎడిన్‌బరో ఆడపిల్లలు ఎందరో. ఈ సంగతి మీద షాన్ రేనాల్డ్స్ అనే చరిత్రకారిణి 1989లో ఒక పుస్తకమే రాసింది.

1910 నాటికి ఆ ఊళ్లో అలాంటి ఆడవాళ్లు ఎనిమిది వందల పైచిలుకు. అప్పటికి కంపోజింగ్ యంత్రాలు వచ్చేస్తున్నాయి. ఆడపిల్లల్ని ఇక చేర్చుకోవద్దని మగవాళ్ల సంఘం పట్టుబట్టింది. ఆడవాళ్లలో కొందరు మగవాళ్ల వైపు నిలబడ్డారు, కొందరు "మా పని మాకు కావాలి" అని ఎదురు అర్జీ పెట్టుకున్నారు. చివరికి 1916 వరకు కొత్తగా ఆడపిల్లల్ని పనిలో చేర్చుకోకూడదని ఒప్పందమైంది. చేసేవాళ్లు వుండవచ్చు, కొత్తవాళ్లు రాకూడదు. అంటే ఆ వృత్తి వాళ్లతోనే వాళ్ల చేతుల్లోనే ముగిసిపోవాలన్నమాట. చవకగా దొరుకుతున్నారని తెచ్చారు. చవకగా చేస్తున్నారని వద్దన్నారు. సగం జీతం ఎందుకు, పూర్తి జీతం ఇవ్వండని రెండు పక్షాలూ కలిసి ముందే అడిగివుంటే కథ వేరే విధంగా నడిచేదేమో.

ఈలోగా అమెరికాలో ఒక పెద్ద పందెం నడుస్తోంది. అక్షరాలు పేర్చే యంత్రం ఎవరు ముందు చేస్తారు? ఆ పందెంలో ఓడిపోయినవాళ్లలో మనందరికీ తెలిసిన మార్క్ ట్వేన్ కూడా వున్నాడు.

ఆయన చిన్నప్పుడు అచ్చాఫీసులో పనినేర్చుకున్న కుర్రాడే. అందుకే జేమ్స్ పెయిజ్ అనే ఆయన కంపోజింగ్ యంత్రం చూపించగానే మురిసిపోయాడు. ఆ యంత్రం మనిషి చేసే పనంతా చేస్తుంది. అక్షరం ఏరుతుంది, వరస పేరుస్తుంది, ఎడం సర్దుతుంది, పనయ్యాక ఏ అక్షరాన్ని ఆ గడిలోకి తిరిగి చేరుస్తుంది. అందులో విడిభాగాలు 18,000! పనిచేసినప్పుడు అద్భుతం. కాని ఏ రోజు చూసినా ఏదో ఒక భాగం మొరాయించేది. పెయిజ్ దాన్ని మళ్లీ విప్పి బాగుచేసేవాడు. 1880 నించి 1894 దాకా మార్క్ ట్వేన్ దాని మీద సుమారు 3 లక్షల డాలర్లు పోశాడు. ఆ డబ్బులో భార్య లివీకి పుట్టింటి నించి వచ్చిన ఆస్తీ కరిగిపోయింది. 1894లో ఆయన ప్రచురణ సంస్థ కూడా మునిగింది.

అదే సమయంలో ఆట్మర్ మెర్గెన్‌థాలర్ అనే గడియారాల పని నేర్చిన జర్మన్ కుర్రాడు వేరే విధంగా ఆలోచించాడు. మనిషి చేతిని అనుకరించడం ఎందుకు? తయారుగా వున్న అక్షరాల్ని ఏరి, పేర్చి, మళ్లీ గళ్లలో వేసే తతంగం ఎందుకు? మీట నొక్కితే ఇత్తడి అచ్చులు వరసగా వచ్చి నిలబడతాయి. వాటి మీదికి కరిగిన సీసం పోస్తే వాక్యంలో ఒక వరస మొత్తం ఒకే కడ్డీగా వస్తుంది. పనయ్యాక కడ్డీని మళ్లీ కరిగించేసుకోవడమే. ఇత్తడి అచ్చులకి తాళంచెవికి వున్నట్టు పళ్లుంటాయి. ఆ పళ్లని బట్టి ఏ అచ్చు తన అరలోకి అదే జారిపోతుంది. 1886 జులై 3న న్యూయార్క్ ట్రిబ్యూన్ దీంతో పనిచేసింది. దాని పేరు లైనోటైప్. ఇడ్లీలు చేత్తో గుండ్రంగా చేయడం కాదు, పళ్లెంలో గుంటలు పెట్టడం తెలివి. పెయిజ్‌కి చెయ్యి కనిపించింది, మెర్గెన్‌థాలర్‌కి పని కనిపించింది.

ఇంకో యంత్రం మోనోటైప్. టాల్బర్ట్ లాన్‌స్టన్ 1887లో దానికి పేటెంటు పొందాడు. ఒక గదిలో మీటలు నొక్కితే కాగితం చుట్టకి చిల్లులు పడతాయి. ఆ చుట్టని ఇంకో గదిలో యంత్రానికి తగిలిస్తే, చిల్లుల్ని చదువుకుని అదే సీసపు అక్షరాలు పోసి పేరుస్తుంది. ధర్మవరం పట్టుచీర నేసే మగ్గం పైన జాకార్డు పెట్టె చూశారా? చిల్లులున్న అట్టల దండ తిరుగుతూంటే అంచు మీద నెమళ్లు వాటంతటవే పడతాయి. ఆ తోవే ఇదీ. మనిషి ఒకచోట చెప్పిన మాటని కాగితం మోసుకెళ్లి ఇంకోచోట యంత్రానికి చెప్తుంది. మధ్యలో మనిషి లేడు. మా మేనల్లుడి ఫోనుకి మూలపురుషుడు ఆ చిల్లుల కాగితమేనని నాకనిపిస్తుంది.

మార్క్ ట్వేన్ సంగతి చెప్పడం మధ్యలో ఆపాను. అరవై దగ్గరపడ్డ ఆయన, చట్టప్రకారం కట్టక్కర్లేని అప్పులు కూడా పైసాతో సహా తీర్చాలనుకున్నాడు. లివీ కూడా అదే మాట మీద నిలబడింది. అందుకోసం 1895లో ఉపన్యాసాలిస్తూ ప్రపంచయాత్రకి బయల్దేరారు. 1896 మొదట్లో మన దేశానికి వచ్చారు, బొంబాయిలో దిగి ఎన్నో ఊళ్లు తిరిగారు. చదువుకునేటప్పుడు ఆ యాత్ర గురించి నేనూ సరదాగానే చదివాను. దాని వెనకాల పనిచేయని ఒక కంపోజింగ్ యంత్రం వుందని అప్పుడు తెలీదు. పెద్దకూతురు సూసీని అమెరికాలోనే వదిలివెళ్లారు. యాత్ర ముగించి ఇంగ్లండులో వుండగా, 1896 ఆగస్టులో ఆ పిల్ల మెదడువాపుతో పోయింది. లివీ ఓడ మీద వుండగానే అంతా అయిపోయింది. అప్పులు 1898కి తీరాయి. ఆ యంత్రం ఇప్పటికీ హార్ట్‌ఫర్డ్‌లో వాళ్లింట్లోనే ప్రదర్శనకి వుంది.

లైనోటైప్ మాత్రం తొంభై ఏళ్లు ఏలింది. తరవాత కంప్యూటరు వచ్చింది. న్యూయార్క్‌లో దాని నీడ చూసే 1962 డిసెంబరులో కంపోజిటర్లు సమ్మెకి దిగారు. 114 రోజులు ఆ నగరంలో పెద్ద పత్రికలు రాలేదు. సమ్మెతో యంత్రం ఆగదని పదేళ్లకి రెండు వైపులా అర్థమైంది. 1974లో ఒడంబడిక కుదిరింది. యాజమాన్యం ఏ యంత్రమైనా తెచ్చుకోవచ్చు, వున్న కంపోజిటర్లకి మాత్రం బతికున్నంత కాలం ఉద్యోగ హామీ. 1978 జులైలో న్యూయార్క్ టైమ్స్ సీసం పొయ్యి చివరిసారి ఆర్పేసింది. చాలామంది కంపోజిటర్లు కొత్త గదుల్లో, కాగితాలు కత్తిరించి అతికించే పనిలో చేరారు. సంతోషంగా చేశారని కాదు. కాని ఏం జరగబోతోందో వాళ్లకి నాలుగేళ్ల ముందే తెలుసు.

లండన్లో అలా జరగలేదు. 1986 జనవరిలో వాపింగ్ అనే చోట రూపర్ట్ మర్డోక్ కొత్త కర్మాగారానికి తన పత్రికల్ని రాత్రికి రాత్రి తరలించాడు. వేరే పత్రిక కోసమని చెప్పి దాన్ని ముందే గుట్టుగా సిద్ధం చేశారు. సమ్మె చేసిన 5,000 మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. అక్కడికి వెళ్లిన పత్రికల్లో ఒకటి టైమ్స్. అవును, 1814 నాటి అదే టైమ్స్! నూట డెబ్భై రెండేళ్ల తరవాత, అదే పత్రిక, అదే గోడవతలి గుట్టు. పని దొరికేదాకా జీతమిస్తానన్న వాల్టర్ మాట మాత్రం ఈసారి వినబడలేదు.

ఇంత పెద్ద చరిత్ర పక్కన మా వీధి చివరి ప్రెస్సు సంగతి చెప్పడం ఎందుకంటారా? అక్కడా అదే జరిగింది గనక. 1990ల చివర మా ఊళ్లో డీటీపీ వచ్చింది. పేజ్‌మేకరూ, తెలుగు ఫాంట్లూ, తెల్లారేసరికి పని తయారు. ఒకరోజు ప్రెస్సు తాతయ్యగారు మామూలుగా పొద్దున్నే వెళ్లేసరికి గోడ వారన కేసులు లేవు. అక్షరాలన్నీ కిలోల లెక్కన సీసం కొనేవాళ్లకి అమ్మేశారు. ముందురోజు సాయంత్రం ఆయన చెయ్యి కడుక్కుని ఇంటికెళ్లేటప్పుడు ఎవరూ ఏమీ చెప్పలేదు.

అయితే కథ అక్కడ ఆగలేదు. ఆ కంప్యూటరు ముందు కూర్చోవడానికి టైపు నేర్చిన ఆడపిల్లలు కావాలన్నారు. వాళ్లలో ఆయన కోడలు ఒకర్తె. ఇంట్లోంచి అడుగు బయటపెట్టని ఆ పిల్ల నెలజీతం తెచ్చింది. తాతయ్యగారు మధ్యాహ్నం వెళ్లి ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని, తెర మీద వేలు పెట్టి, "వత్తు పోయిందమ్మా, చూడు" అనేవారట. ఆ పిల్లే చెప్పింది నాకు. మొదట్లో కోపం వచ్చేదిట. తరవాత ఆయన రాని రోజు ప్రూఫు పంపడానికి భయం వేసేదిట.

పెళ్లయ్యాక నేను హైదరాబాదులో శుభలేఖలు వేసే అలాంటి ప్రెస్సు ఒకటి చూడ్డానికి వెళ్లాను. మా కార్డులు వేసినది కాదు, వేరేది. శుభ్రంగా, చల్లగా, ఆస్పత్రిలా వుంది. ఒక అబ్బాయి ఓపిగ్గా చూపించాడు. మనం పంపిన మేటర్ని కంప్యూటరే పరీక్షిస్తుంది. అంటే బొమ్మ స్పష్టంగా వుందా, అంచులు సరిపోయాయా అని. పాతికమంది కార్డులు ఒకే పెద్ద షీటు మీద ఇరుకు లేకుండా పేరుస్తుంది. ఒకే షీటు మీద వరంగల్ పెళ్లి, విజయనగరం గృహప్రవేశం, ఎవరిదో ఓణీల వేడుక పక్కపక్కన. పూర్వం ప్రతి పనికీ ఒక జాబ్ కార్డు కట్టి గదికీ గదికీ మోసుకెళ్లేవారు. ఇప్పుడు ఆ చీటీ కూడా కంప్యూటరులోనే. 2000 ప్రాంతంలో పెద్ద పెద్ద ముద్రణ కంపెనీలు కలిసి యంత్రాలన్నీ అర్థం చేసుకునే ఒకే భాషలో ఆ చీటీ రాయాలని పద్ధతి పెట్టుకున్నాయట. ఏ రంగు ఎంత, కత్తెర ఎక్కడ పడాలి, ఎన్ని మడతలు, అన్నీ అందులోనే. వెనక హాల్లో మాత్రం వరసగా ఆడవాళ్లు కూర్చుని కవర్లలో పెట్టి, పసుపుదారం కడుతున్నారు. దానికి ఇంకా యంత్రం రాలేదా అంటే, "వుందండి, వీళ్లకంటే ఖరీదు" అన్నాడు. ఎడిన్‌బరో గుర్తొచ్చింది.

"ఇందులో ఎక్కడైనా మనిషి చదువుతాడా బాబూ?" అనడిగాను.

"చదివితే ఆలస్యం అండీ. కస్టమరు సరే అని నొక్కాక మేం ముట్టుకోం. ముట్టుకుంటే తప్పు మాదవుతుంది."

అతని మాటలో అబద్ధం లేదు. యంత్రం కంపోజిటరు పనిని తీసేయలేదు. సగం తను తీసుకుని, సగం మనకిచ్చింది. చదివే పని మనకొచ్చింది. మనకి జీతం లేదు, ఏడేళ్ల శిష్యరికం లేదు, రాత్రి భోజనాలయ్యాక ఫోను పట్టుకున్న బొటనవేలు వుంది. యంత్రాన్ని తిట్టి లాభం లేదు. మా వాడు తప్పు సరిచేసి పంపితే కొత్త కార్డులు మూడో రోజు కల్లా మళ్లీ వచ్చేశాయి. ప్రెస్సు తాతయ్యగారి రోజుల్లో అయితే వారం పట్టేది. నేను అడిగేదల్లా ఒక్కటే, ఎక్కడో ఒక స్టూలు వేసి చదవడం వచ్చిన ఒక మనిషిని కూర్చోబెడితే ఎంత ఆలస్యమవుతుంది?

పాత కార్డుల సంగతి చెప్పలేదు కదూ. వాటిని చింపడానికీ, కాల్చడానికీ అత్తయ్యగారికి మనసొప్పలేదు. అవి శుభలేఖలూ కావు, అశుభలేఖలూ కావు. చివరికి మామగారే ఒక నలభై తీసుకుని, నల్లసిరా పెన్నుతో "కీ.శే." కొట్టేసి, పైన "శ్రీ" అని తన చేత్తో రాసి, తనతోపాటు ఉద్యోగం చేసిన మిత్రులకి పోస్టు చేశారు.

పెళ్లిలో ఒకాయన, ఎనభై దాటినవాడు, కర్ర ఊతంతో వచ్చి ఆ కార్డు జేబులోంచి తీసి నాకు చూపించాడు. "ఈ రోజుల్లో ఎవరమ్మా చేత్తో రాసి పిలిచేది? అందుకే వచ్చాను" అన్నాడు.

మా మేనల్లుడు పక్కనే వున్నాడు. ఏమీ మాట్లాడలేదు. మొన్న వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతానికి కార్డు వేయిస్తూ, "సరే" నొక్కబోయే ముందు ఫోను తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఒక్కసారి చదివిపెట్టవా అత్తా?"

కళ్లజోడు తెచ్చుకుని చదివాను. వత్తు ఒకటి పోయింది.